రెండో గొంతుకు వదిలిన చోటు

"ఆ ఒక్క చీర తప్ప ఏదన్నా తీసుకో," అంది పంకజాక్షి మళ్ళీ.

"నాకు ఆ చీరే కావాల," అన్నాడు మునికృష్ణ మళ్ళీ.

కాఫీలప్పుడు మొదలైన తగువు ఇడ్లీలు అయిపోయినా తెగలేదు. మంచం నిండా చీరలే. చిలకపచ్చది, కనకాంబరం రంగుది, చుక్కల వాయిల్‌ది. మునికృష్ణ ఒక్కొక్కటే భుజాన వేసుకుని, అద్దంలో ఇటూ అటూ తిరిగి చూసుకుని, మొహం చిట్లించి మంచం మీదికి విసురుతున్నాడు. వంకాయరంగు పట్టుచీరను మాత్రం పంకజాక్షి రెండు చేతులా పొట్టకు అదుముకుని నిలబడింది.

చిన్నప్పుడు అతనికి అమ్మవారు పోసినప్పుడు తల్లి సుబ్బులమ్మ మొక్కుకుంది. అప్పటి నుంచి ఏటా గంగమ్మ జాతరకు అతను ఆడవేషం కట్టి తాతయ్యగుంట గుడికి వెళ్తాడు. పెళ్ళయిన దగ్గర నుంచి వేషానికి చీర పంకజాక్షిదే. ఏ ఏడూ ఆమె కాదనలేదు.

"ఈ మీసాలకు కనకాంబరం రంగు ఏం నప్పుతాది మే? చూసినోళ్ళు నవ్వరా?"

"మీసాలు ఎట్లాగూ తీసేస్తావు కదా. బ్రహ్మాండంగా నప్పుతాది."

"పోయినేడు ఆ పట్టుచీరే కట్టుకుంటిని. అప్పుడు లేని పట్టుదల ఇప్పుడెందుకు?"

"పోయినేడు కట్టుకోని పసుపునీళ్ళలో తడిపి తెచ్చినావు. మరక పోయేదానికి నేనెంత అవస్థ పడినానో నాకు తెలుసు. ఇప్పుడు దాంతో నాకు పని ఉండాది."

"ఏం పని?"

పంకజాక్షి చీర మడత సరిచేసింది.

మునికృష్ణ అద్దం ముందు నుంచి ఇటు తిరిగాడు. "చిత్తూరికి కట్టుకుపోయేదానికా? ఆదివారం నాడే చెప్పినా కదా, పిలిచేదానికి వచ్చిన ఏకాంబరానికి, కుదరదని."

"నువ్వు చెప్పినావు. నేను చెప్పలా."

"ఇంట్లో ఒకరు చెప్తే చాలు."

"అట్లనా? నువ్వు నా చీర కట్టుకోని, నా గాజులేసుకోని, కాటుక పెట్టుకోని నాలుగు వీధులూ తిరిగొస్తావు. ఊరంతా దండం పెడతాది. నా చీర నేను కట్టుకోని మైకు ముందర నిలబడితే మాత్రం ఇంటి పరువు పోతాదా?"

"అది మొక్కు!"

"జాతర పూట మొక్కుతో ఎకసెక్కాలొద్దు," అంది వంటింట్లోంచి సుబ్బులమ్మ. రాగిపిండి జల్లిస్తున్న చప్పుడు ఆగింది. "ఈ పొద్దు రాత్రికి చాటింపు. ఇంగా గోడలు కడగలేదు, వేపాకు కట్టలేదు. మీరు చీరల కాడ కొట్లాడుకోండి."

చాటింపు అన్న మాటతో ఇద్దరూ నోరు మూశారు.

ఆ రాత్రి వీధివీధీ తిరిగి డప్పు కొడతారు. ఆ డప్పు చెవినపడ్డ ఊరివాళ్ళెవరూ జాతర ముగిసేదాకా పొలిమేర దాటకూడదు. పెళ్ళయినా, పేరంటమైనా, ఆగాల్సిందే. తీర్థకట్ట వీధిలోని ఈ ఇంట్లో, మునికృష్ణ తండ్రి మైక్‌సెట్ తిరుమలయ్య ఇంట్లో, ఆ నియమం మరీ గట్టిది. ఆ వారం వాళ్ళు రేణిగుంట స్టేషనుకు కూడా వెళ్ళరు.

కనకవల్లి పాటకచ్చేరీ చిత్తూరులో శనివారం. దానికి పంకజాక్షి వెళ్ళాలంటే పొద్దుగూకే లోపల తిరుపతి దాటాలి. లేదంటే ఇంకెప్పుడూ కాదు.

ఆ సంగతి పంకజాక్షికీ తెలుసు, మునికృష్ణకూ తెలుసు. చీర గొడవ చీర గురించి కాదని ఇంట్లో అందరికీ తెలుసు.

"వదినా! వచ్చేసింది! కనకవల్లి వచ్చేసింది!"

వీధి వాకిట్లోంచే అరుస్తూ జ్ఞానాంబ పరుగెత్తుకొచ్చింది. మునికృష్ణ చెల్లెలు, కాలేజీలో చదువుతోంది. కాలి చెప్పులు కూడా విడవలేదు.

సుబ్బులమ్మ జల్లెడ కింద పెట్టి, కొంగు సర్దుకుని లేచింది. "ఇంటికే వచ్చిందా? ఏం మే, ముందర చెప్పొద్దా? ఇల్లంతా పిండి!"

"మనిషి కాదుమా, క్యాసెట్టు!" జ్ఞానాంబ చెయ్యెత్తి చూపింది. "బస్టాండు కాడ కొట్లో ఎంతమంది జనమో! నా ముందర ఒకామె రెండు తీసుకునింది. ఒకటి అరిగిపోతే ఇంకొకటంట!"

అట్ట మీద కనకవల్లి బొమ్మ. చెవులకు పెద్ద రింగులు, భుజానికి గిటారు పట్టీ. నవ్వడం లేదు. ఎదురుగా ఉన్నవాళ్ళను ఏదో అడగబోతున్నట్టు చూస్తోంది.

పంకజాక్షి ఆ బొమ్మను చూస్తూ ఉండిపోయింది. చేతిలోని పట్టుచీర జారి మంచం మీద పడింది. మునికృష్ణ దాన్ని తీసుకోలేదు.

"కొంచెం చిక్కింది," అంది చివరికి.

"చిక్కలేదు వదినా, స్టైలు!"

"టేపురికార్డరు మీ నాయన కాడ ఉండాది, పద," అంది పంకజాక్షి.

ఇంటి ముందుగదే కొట్టు. ఆంప్లిఫైయర్లు, గొట్టం స్పీకర్లు, వైరు చుట్టలు. జాతరకు చుట్టుపక్కల వీధుల మైకులన్నీ తిరుమలయ్యవే. ఆయన అప్పుడు నేల మీద కూర్చుని ఒక స్పీకరుకు వైరు అతుకుతున్నాడు. కూతురి చేతిలో క్యాసెట్టు చూసి కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"ఆ నోటి దురుసు మనిషిదేనా?"

"దురుసు కాదు నాయనా, ఉండేది ఉన్నట్టు చెప్తాది."

"అదే చెప్తాండా నేనూ," అన్నాడు ఆయన. కానీ టేపురికార్డరు మీది గుడ్డ తీసింది ఆయనే.

అయిదేళ్ళ కిందట చిత్తూరు మైదానంలో జరిగింది ఈ ఇంట్లో ఎవరూ మరిచిపోలేదు. కుర్చీలన్నిట్లో పెద్దమనుషులు కూర్చున్నారు. ఆడవాళ్ళంతా తాడుకు అవతల, చంకన పిల్లలతో నిలబడ్డారు. కనకవల్లి పాట మధ్యలో ఆపేసింది. ఆ ఆడవాళ్ళు కూర్చునేదాకా ఇంకో ముక్క పాడనని మైకులోనే చెప్పింది. ముందువరుస లేవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఏ ఊరి కమిటీ ఆమెను పిలవలేదు. బృందం చెదిరిపోయింది. ఆ బృందంలో రెండో గొంతు పంకజాక్షిది. ఆ రాత్రి ఆంప్లిఫైయర్ దగ్గర కూర్చున్నది మునికృష్ణ.

ఆ గొంతు కోసమే వెతుక్కుంటూ వెళ్ళి ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళయ్యాక ఆ గొంతును ఇంటికే పరిమితం చేశాడు. 'మనకు మైకుల పని చెప్పేది ఆ పెద్దమనుషులే కదా పంకజా' అనేవాడు. అది అబద్ధమూ కాదు.

టేపు కిర్రుమంది. తర్వాత గొంతు.

"నేనే. కనకవల్లినే. అయిదేండ్లు నోరు మూసుకోని ఉన్నానని ఎవురో చెప్తే నమ్మేసినారా? ఇంట్లో పాడుకుంటా ఉన్నా. మైకు ఇయ్యకపోతే గొంతు పోతాదా అబ్బా! ముందర కూర్చున్న అయ్యలు చెవుల్లో దూది పెట్టుకోండి. వెనకాల నిలబడిన అక్కలు ముందుకు రండి."

జ్ఞానాంబ గంతేసింది. వీధి అరుగు మీద ఎవరో ఆడమనిషి కిసుక్కుమంది. పక్కింటి వరలక్ష్మమ్మ చేతిలో చీపురుతోనే వాకిట్లోకి వచ్చింది. "కనకవల్లేనా? ఇంగొంచెం పెట్టు తిరుమలయ్యన్నా, మా ఇంట్లో వాళ్ళు కూడా వింటారు!"

మొదటి పాట ఉరుకులు పరుగులతో అయిపోయింది. వాకిట్లో నలుగురయ్యారు, ఆరుగురయ్యారు. రెండో పాట గిటారు మోతతో మొదలైంది.

బస్సు వచ్చె, బస్సు వచ్చె, ఎక్కవేమే చిన్నదానా?

అంతే. ఆ తర్వాత గొంతు లేదు. తాళం నడుస్తోంది, గిటారు నడుస్తోంది, పాడే మనిషి మాయమైపోయింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది.

సీటు ఉంది, గాలి ఉంది, దిగులు ఎందుకె చిన్నదానా?

మళ్ళీ గొంతు లేదు.

"హెడ్డులో మురికి," అన్నాడు తిరుమలయ్య. టేపు ఆపి, పుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి తుడిచాడు. వెనక్కి తిప్పి పెట్టాడు. అక్కడికి రాగానే మళ్ళీ అదే.

"రికార్డింగే పోయినట్టుండాది. ఈ పొద్దే తిరిగి ఇచ్చేసి రా పాపా."

"అయ్యో నాయనా, నేను కొనేటప్పుడే ఇద్దరు తిరిగి ఇచ్చేదానికి వచ్చినారు. కొట్టాయన మారుస్తానే ఉండాడు. మార్చిందాంట్లో కూడా అట్లనే వస్తాందంట!"

"మద్రాసోళ్ళ పని. గొంతు పడిందో లేదో కూడా చూసుకోరు."

తలుపు దగ్గర నిలబడ్డ పంకజాక్షి ఒక్కసారిగా నవ్వింది. ఇంట్లో ఆమె అట్లా నవ్వి ఎన్నాళ్ళయిందో. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"మామా, టేపు బాగుండాది. అది పోలా. అది వదిలిపెట్టింది."

"వదిలిపెట్టేదేంది?"

"ఆ చోటు నాది మామా. మేము అట్లనే పాడేవాళ్ళం. అక్క అడుగుతాది, నేను చెప్పాల. ముందర అనుకునేది లేదు. పుత్తూరులో ఒకటి చెప్పేదాన్ని, నగరిలో ఇంకొకటి. ఏం చెప్తానో ఆ గడియ దాకా అక్కకు కూడా తెలీదు."

అట్ట మీది బొమ్మను జ్ఞానాంబ మళ్ళీ తీసి చూసింది. "అయితే... ఆ చోట్లో ఇంగెవురినీ పెట్టలేదా వదినా? నీకోసమని అట్లే ఉంచేసిందా?"

పంకజాక్షి తల ఊపింది.

"పాడు వదినా. ఇప్పుడు పాడు!"

"గమ్మునుండు మే."

"పాడు పంకజా," అంది వాకిట్లోంచి వరలక్ష్మమ్మ. "మేమేం పరాయివాళ్ళమా?"

తిరుమలయ్య టేపును వెనక్కి తిప్పి మీట నొక్కాడు.

బస్సు వచ్చె, బస్సు వచ్చె, ఎక్కవేమే చిన్నదానా?

పంకజాక్షి కళ్ళు మూసుకుంది.

ఎక్కుదామంటె అక్కా, గడపే నా కొంగు పట్టెనే!

మొదటి మాట కాస్త బొంగురుగా వచ్చింది. రెండో మాటకు గొంతు తెరుచుకుంది. వాకిట్లో ఆడవాళ్ళు గొల్లుమన్నారు. సుబ్బులమ్మ పిండి చేతులతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

సీటు ఉంది, గాలి ఉంది, దిగులు ఎందుకె చిన్నదానా?

దిగులు లేదె అక్కా, పొయ్యి మీద పాలు పొంగెనే!

"పొంగనీలే!" అని అరిచింది వరలక్ష్మమ్మ.

మునికృష్ణ కనకాంబరం రంగు చీర భుజాన వేసుకునే వచ్చి చాలాసేపటి నుంచి గోడవార నిలబడి ఉన్నాడు. పంకజాక్షి గొంతు లేచినప్పుడు అతని చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది. టేపు మోతను రవ్వంత తగ్గించింది. ఆమె గొంతు పైకి తేలింది. ఒకప్పుడు వేదిక పక్కన కూర్చుని అతను చేసిన పని అదే.

చేసేశాక తన చెయ్యి తనే చూసుకుని, వెనక్కి తీసుకున్నాడు.

పాట ముగిసేసరికి వాకిట్లో వ్యాన్ హారన్ మోగింది.

ఏకాంబరం. కనకవల్లి బృందంలో డ్రమ్స్ వాయించే మనిషి, వడమాలపేట అతను. మద్రాసు నుంచి వచ్చిన సామాన్లను రేణిగుంటలో దింపించుకుని చిత్తూరు పోతూ దారి మళ్ళాడు. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"వీధి మొదట్లోకే వినపడింది," అన్నాడు. "నేను అడిగేదానికి రాలేదప్పా మునికృష్ణా. నువ్వు కాదన్నావు, నేను విన్నా. ఒక్క మాట మాత్రం అక్క చెప్పమనింది. పంకజ రాకపోతే ఆ చోటు ఖాళీగానే ఉంటాది, వేరే గొంతు పెట్టను, స్టేజి మీద కూడా అట్లనే వదిలేస్తా అని."

"జనం గోల చెయ్యరా?" అన్నాడు తిరుమలయ్య.

"చేస్తారు. చెయ్యనీ అనింది."

వాకిట్లో జనం ఇంకా అక్కడే ఉన్నారు. మునికృష్ణ భుజం మీది చీర తీసి కుర్చీ మీద వేశాడు. తల్లి వైపు చూశాడు. తండ్రి వైపు చూశాడు. భార్య వైపు మాత్రం చూడలేదు.

"వరలక్ష్మక్కా, నీ పొయ్యి మీద పాలేమన్నా ఉండాయేమో చూసుకోపో," అన్నాడు. ఆమె నవ్వుకుంటూ వెళ్ళింది. మిగతావాళ్ళూ వెళ్ళారు. మునికృష్ణ ఏకాంబరాన్ని లోపలికి పిలిచి తలుపు దగ్గరకు వేశాడు.

"జాతరకు అంబలి పోసేది ఎట్లమా?" అని తల్లిని అడిగాడు.

అన్న ఒప్పుకున్నాడని ఆ ప్రశ్నతోనే తెలిసి జ్ఞానాంబ నోరు తెరిచి, రెండు చేతులతో మూసుకుంది.

సుబ్బులమ్మ చేతుల పిండి దులుపుకుంది. "ఈమె రాకముందర అంబలి పోసింది ఎవురు? నేనే కదా. ఈ ఏడు కూడా పోస్తాలే. చాటింపు వినకముందర ఊరు దాటితే గంగమ్మకు కోపం లేదు. విన్నాక దాటితేనే." ఆగి, "ఆ పొయ్యి మీద పాలు అనింది నా గురించేనా మే?" అంది.

"లేదత్తా!"

"నా గురించే. బాగుండాదిలే."

జ్ఞానాంబ అరిచిన అరుపుకు స్పీకరు గొట్టాలు మోగాయి. తిరుమలయ్య కూడా నవ్వేశాడు.

"ఒక్క పద్ధతి ఉండాది," అన్నాడు మునికృష్ణ. ఇప్పుడు అతని మొహంలోనూ ఏదో వెలుగు. "పుట్టింటికి పోయిందని చెప్తాం. నారాయణవనంలో వాళ్ళమ్మకు ఒళ్ళు బాగలేదని. ఏకాంబరం, స్టేజి మీద ఈమె పేరు చెప్పొద్దు. ముందుకు కూడా రావొద్దు. వెనకాల కొంచెం చీకట్లో నిలబడి పాడితే ఎవురికి తెలుస్తాది? పాట పాటగా ఉంటాది, మన మైకులు మనకుంటాయి."

"అది బాగుండాది," అన్నాడు తిరుమలయ్య. "కమిటీవాళ్ళకు చెప్పుకునేదానికి ఒక మాట ఉంటాది."

"ఎవురన్నా గట్టిగా అడిగితే నేను చూసుకుంటా," అంది సుబ్బులమ్మ. "వాళ్ళమ్మకు మోకాళ్ళ నొప్పులు ఎట్లాగూ ఉండేవే."

ఇల్లు ఒక్కసారిగా కదిలింది. జ్ఞానాంబ సంచీ తెచ్చింది. వంకాయరంగు చీర మడిచి పెట్టింది, జాకెట్టు మరిచిపోయి మళ్ళీ పరుగెత్తింది. సుబ్బులమ్మ పులిహోర కలపడానికి లోపలికి పోయి, టైము లేదని ఇడ్లీలే కట్టి తెచ్చింది. ఏకాంబరం వ్యాన్‌లో డ్రమ్ములు జరిపి ముందు సీటు ఖాళీ చేసి లోపలికొచ్చాడు. మునికృష్ణ సంచీ అందుకుని బరువు చూశాడు. "దుప్పటి పెట్టలేదా? ఎవురి దుప్పట్లోనో పడుకోవాలనా?" అని చెల్లెల్ని కసిరాడు. దుప్పటి తనే తెచ్చి కుక్కాడు.

పంకజాక్షి ఒక్కతే కదలలేదు. సంతోషం పట్టలేక అట్లా ఉండిపోయిందని అందరూ అనుకున్నారు. టేపురికార్డరు పక్కన, క్యాసెట్టు అట్ట చేతిలో పట్టుకుని నిలబడింది.

"ఏకాంబరన్నా," అంది. "పోస్టర్లలో ఏమని వేసినారు?"

"కనకవల్లి, బృందం అని వేసినారు చెల్లీ."

"అప్పుడూ అట్లనే కదా."

"అప్పుడూ అట్లనే. బృందమంటే మనందరం కదా."

"ఊ."

ఆ ఊ విని మునికృష్ణ తలెత్తాడు. ఈ అయిదేళ్ళలో ఆ ఊ అతను బాగా ఎరుగును.

"బిన్నా బయల్దేరు పంకజా. పొద్దుగూకే లోపల ఊరు దాటేయాల మీరు."

ఆమె అట్టను టేపురికార్డరు మీద పెట్టింది. వంటింట్లోంచి అత్త వచ్చేదాకా ఆగింది. జ్ఞానాంబ గది లోంచి వచ్చేదాకా ఆగింది. తిరుమలయ్య వైర్లు వదిలి ఇటు తిరిగేదాకా ఆగింది. అందరూ చేరాక మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"నేను చిత్తూరికి పోతాండా. పుట్టింటికి కాదు, పాడేదానికి. మా అమ్మ బాగుండాది, ఆమెకు జబ్బు అంటగట్టొద్దండి. ఎవురడిగినా పాడేదానికి పోయిందని చెప్పండి."

"పంకజా..." అన్నాడు మునికృష్ణ.

"శనివారం కనకవల్లక్క నా పేరు పెట్టి పిలుస్తాది. నేను ముందుకొచ్చి వెలుగులో నిలబడతా. నా పేరూ, ఈ ఇంటి పేరూ రెండూ చెప్తా. ఇది నేను అడిగేది కాదు. చెప్పి పోతాండా."

సుబ్బులమ్మ ఇడ్లీల పొట్లం పట్టుకుని నిలబడిపోయింది. తిరుమలయ్య కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు. జ్ఞానాంబ అన్న మొహం వైపు చూసింది.

పంకజాక్షి తలుపు తీసి వాకిట్లోకి నడిచింది.

సంచీ ఇంకా మునికృష్ణ చేతిలోనే ఉంది. అతను దాన్ని కింద పెట్టలేదు. వ్యాన్ వైపు అడుగూ వెయ్యలేదు.